రేగడి మీద గచ్చు

బెడ్డు వేసిన రోజు నాకు బాగా గుర్తు. సంక్రాంతి వెళ్లి మూడు రోజులైంది. పెరట్లో వేపచెట్టుకీ స్నానాల గదికీ మధ్య, ఇరవై అడుగుల పొడవున, పద్నాలుగడుగుల వెడల్పున నాన్న ముగ్గుపిండితో గీత గీశాడు. "ఇక్కడే" అన్నాడు అమ్మ వైపు తిరిగి. పదేళ్లు పరాయి షాపులో టర్నరుగా చేసి, చీటీ డబ్బులు కూడబెట్టి, గుంటూరులో పాత లేతు మిషను బేరం కుదుర్చుకుని వచ్చిన మనిషి. ఆరడుగుల లేతు, టన్నుకు దగ్గర బరువు. దాన్ని ఉత్త మట్టి మీద పెట్టలేం కదా.

21 బస్తాల సిమెంటు పట్టింది. ఒకటికి రెండు ఇసుక, నాలుగు కంకర. కలిపేటప్పుడు నాన్న పక్కనే నిలబడి నీళ్లు ఎక్కువ పోయనివ్వలేదు.

"కాస్త జారుగా ఉంటే పని తేలికవుద్ది అన్నా" అన్నాడు తాపీ మేస్త్రి.

"తేలిక పని నాకొద్దు మేస్త్రీ."

కమ్మీలు నేలను అంటకుండా కింద సిమెంటు బిళ్లలు పెట్టించాడు. ఐదంగుళాల మందం ఎక్కడా తగ్గకుండా రూలుకర్ర పట్టుకుని తానే వంగి చూశాడు. మర్నాడు చుట్టూ మట్టి గట్లు కట్టి నీళ్లు నిలిపాం. రెండు వారాలు బడి నుంచి రాగానే బోరింగు కొట్టి బిందెలతో మోయడం నా పని. ఆ నీళ్ల మీద వేపాకులు తేలేవి. నాన్న పనినుంచి వచ్చి చెప్పులు విప్పి, ఆ నీళ్లలో ఒక్కసారి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాడు.

ఆ కాంక్రీటును నేను తప్పుపట్టలేను. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉండి చెబుతున్న మాట ఇది. అంత పొడవును ఒకే పలకగా పోయకుండా, ఐదంగుళాల మందానికి పది పన్నెండు అడుగులకొక జాయింటు వదలాల్సింది. అదొక్కటే లోటు, అదీ చిన్నది. పెద్ద సంగతి బెడ్డు కింద ఉంది.

మాది పల్నాటి నల్లరేగడి. పత్తికీ మిరపకీ అమ్మలాంటి నేల. వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుని పాదం ఇరుక్కునేంత నెర్రెలిస్తుంది. దాన్లోని సన్నటి బంకమన్ను పొరపొరలుగా ఉంటుందనీ, ఆ పొరల మధ్య నీళ్లు దూరితే విచ్చుకుంటుందనీ, దాని పేరు మాంట్‌మొరిలొనైట్ అనీ నేను చాలా తర్వాత చదివాను. చదవకపోయినా మా ఊళ్లో అందరికీ తెలుసు. గోడ పగలని ఇల్లు లేదు. అందుకే పగులును ఎవరూ పట్టించుకోరు. ఇంటికి గడప ఉన్నట్టే గోడకు పగులు.

మేస్త్రి అడుగు లోతున మట్టి తీయించి, ఇసుక పోసి, నీళ్లు కొట్టి, దిమ్మిసతో కొట్టించాడు. ఇసుక మంచిదని అందరి నమ్మకం. రేగడి మీద మాత్రం ఇసుక చెరువు అడుగులా పనిచేస్తుంది. పక్కనుంచి వచ్చిన నీటిని బెడ్డు కింది మట్టికంతా పంచిపెడుతుంది. నీటికి మాకు కొదవా? రేకుల కప్పుకు గొట్టం లేదు, వానంతా బెడ్డు అంచుకు జానెడు దూరంలో పడేది. తూర్పున స్నానాల నీళ్లు ఏడాది పొడవునా ఇంకేవి. పడమట వేపచెట్టు. వేసవిలో దాని వేళ్లు అడుగున ఉన్న తడినంతా లాగేవి. అంటే ఒక పక్క నేల పొంగుతుంటే ఇంకో పక్క కుంగుతోంది. రెంటికీ నడుమ మా లేతు.

మొదటి మూడేళ్లు మా ఇంటి వైభవం చెప్పనలవి కాదు. ట్రాక్టరు పిన్నులు, బుష్షులు, మోటారు షాఫ్టులు, చెరకురసం మిషను రోలర్లు. ట్రాక్టరు వాళ్లు రాత్రి తొమ్మిదింటికి వచ్చి వీధి తలుపు కొట్టేవాళ్లు. మిల్లీమీటరులో వందో వంతు దగ్గర నాన్న చెయ్యి ఆగేది. బేరింగు సీటు తిప్పాక మైక్రోమీటరును వెలుతురు వైపు వంచి, కన్ను చిన్నది చేసి చూసేవాడు. పని కుదిరితే ఏమీ అనేవాడు కాదు. కుదరకపోవడం నేను చూడలేదు.

నాలుగో ఏడు వానలు ముఖం చాటేశాయి. మే నెలలో గచ్చు మీద వెంట్రుకంత గీత కనిపించింది, వేపచెట్టు మూల నుంచి ఏటవాలుగా, సరిగ్గా లేతు కాళ్ల మధ్యగా. నాన్న సిమెంటు పాలు కలిపి పోశాడు. ఆగస్టుకు ఆ గీతకు ఒక పక్క చేతికి తగిలేంత ఎత్తు లేచింది.

లేతు బెడ్డు మెలిపడితే తిప్పిన షాఫ్టు ఒక చివర లావు, ఒక చివర సన్నం అవుతుంది. టేపరు అంటారు. కంటికి కనపడదు, బేరింగుకు తెలుస్తుంది. మొదట ఒక మోటారు షాఫ్టు తిరిగి వచ్చింది. నాన్న డబ్బు తీసుకోకుండా కొత్తది చేసి ఇచ్చాడు. తర్వాత రెండు, తర్వాత ఒక రోలరు. కళ్లద్దాలు మార్పించుకున్నాడు. చెయ్యి వణుకుతోందేమోనని టీ మానేశాడు. మా నాన్న టీ మానేయడం అమ్మకు పెద్ద జబ్బు వచ్చినట్టు అనిపించింది.

ఆ పైన మిషనును అనుమానించాడు. లేతుదీ బెడ్డే, నేలదీ బెడ్డే. నాన్న చూపు మొదటిదాని మీదే ఆగింది. "పాత మిషను, కాళ్లు దిగుతున్నాయి" అనేవాడు. పౌడరు డబ్బాల రేకు కత్తిరించి లేతు కాళ్ల కింద ముక్కలు దూర్చి మట్టం తెచ్చేవాడు. రెండు నెలలు కుదిరేది, మళ్లీ తప్పేది. ఒక నోటుబుక్కు పెట్టాడు. మే: పడమటి కాలుకి రెండు రేకులు. ఆగస్టు: ఒకటి తీశాను. నవంబరు: రెండూ తీశాను. ఫిబ్రవరి: ఒకటి పెట్టాను. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. ఏ ఇంజనీరు రాసినా రేగడి ఊపిరిని అంత శ్రద్ధగా రాసి ఉండడు. నాన్నకు మాత్రం అది తన ఓటమి లెక్క.

ఏం చేసి ఉండాల్సిందో ఈ దేశంలో అప్పటికే తెలిసినవాళ్లు ఉన్నారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రేగడి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్స్ తయారుచేసింది. నేల కదలిక ఆగే లోతుకు, మూడున్నర మీటర్ల దాకా దిగి, ఆ ఉబ్బుతో పట్టుకుంటాయి. ఐఐటీ బొంబాయిలో కట్టి అనే ఆచార్యులు ఉబ్బని బంకమట్టిని మీటరు మందాన పరిచి రేగడిని అణచవచ్చని చూపించారు. అంతదాకా ఎందుకు, మూడడుగుల రేగడి తీసి మంచి గ్రావెలు పొరలుగా కొట్టి, చుట్టూ వాలుగా గచ్చు చేసి నీళ్లు దూరంగా పంపి, లేతుకు వేరే దిమ్మె కట్టినా ఆ మిషను ఇంకా చాలాకాలం నిలిచేది. పెరటి షెడ్డుకు అంత ఆలోచన ఎందుకని ఎవరికీ తోచలేదు. ఇప్పటికీ తోచడం లేదు. నన్ను పిలిచి పగుళ్లు చూపించేవాళ్లు ముందు సిమెంటు గురించే అడుగుతారు.

పనులు సన్నగిల్లాయి. నాన్నను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయన ఉన్న దారి మాని ఇంకో దారిన వెళ్లడం మొదలుపెట్టారు, అంతే. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ రెండో ఏడాదిలో ఉండగా లేతును కిలోల లెక్కన పాత ఇనుము వాళ్లకు ఇచ్చేశాడు.

ఆ వేసవే మాకు మట్టి పరీక్షలు చెప్పారు. ల్యాబు నుంచి రెండు గాజు జాడీలు అడిగి తెచ్చుకుని, షెడ్డు అంచున తవ్విన మట్టిని ఎండబెట్టి జల్లించాను. జాడీకి పది గ్రాములు. ఒకదాన్లో నీళ్లు, ఒకదాన్లో కిరసనాయిలు. కిరసనాయిలుకు మట్టి ఉబ్బదు. ఒక రోజు కదపకుండా ఉంచి రెంటినీ పోల్చి చూడాలి. కిరసనాయిలు వెతుక్కోనక్కర్లేదు, పిన్నులు కడగడానికి షెడ్డులో డబ్బా ఎప్పుడూ ఉండేది.

మర్నాడు నీళ్ల జాడీలో మట్టి రెండో దానికి రెట్టింపుకు దగ్గరగా లేచింది. నాన్నను పిలిచాను. ఆయన జాడీని వెలుతురు వైపు వంచి, కన్ను చిన్నది చేసి, గీతలు చదివాడు. రెండోదీ చదివాడు. నేను వేపచెట్టు, స్నానాల నీళ్లు, ఇసుక అన్నీ చెప్పాను. విన్నాడో లేదో తెలియదు. కుడి చెయ్యి చాపి, వేళ్లు ఒకసారి ముడిచి తెరిచాడు.

"నేను చెయ్యి పోయిందనుకున్నానురా" అన్నాడు.

ఆ సాయంత్రం షెడ్డులోకి వెళ్లాడు. లేతు ఉన్నచోట బోల్టులు ఇంకా గచ్చులోంచి నిలబడి ఉన్నాయి. వాటి చుట్టూ పడి ఉన్న రేకుముక్కల్ని ఒక్కొక్కటే ఏరి, కిరసనాయిలుతో తుడిచి, మందం ప్రకారం వరసగా పేర్చి గూట్లో పెట్టాడు.