రేబిస్ వైరస్: నాడీకణ ప్రవేశం

కుక్కకాటు గాయంలో పడిన రేబిస్ వైరస్ నాడీకణాల పైపొరలోని గ్రాహకాలకు అతుక్కుని లోపలికి చేరుతుంది. రోగలక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం అత్యంత అరుదు. కాబట్టి వైద్యం చేయగలిగిందంతా ఈ ప్రవేశానికి ముందే చేయాలి.

తుపాకీ గుండు ఆకారంలో ఉండే ఈ వైరస్ పొడవు సుమారు 180 నానోమీటర్లు. దాని కొవ్వుపొర మీద జి గ్లైకోప్రోటీన్ ముళ్ళుంటాయి. వైరస్‌లోని ఐదు ప్రోటీన్లలో గ్రాహకాన్ని పట్టుకునేది ఇదే.

మొదట తెలిసిన గ్రాహకం నికోటినిక్ ఎసిటైల్‌కోలిన్ గ్రాహకం. నాడి వచ్చి కండరాన్ని కలిసే చోట, కండరం వైపున ఇది దట్టంగా ఉంటుంది. వైరస్ అక్కడే పోగవుతున్నట్టు 1982లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ లెంట్జ్ బృందం చూపింది. కట్లపాము జాతి విషంలోని ఆల్ఫా బుంగరోటాక్సిన్ కూడా ఈ గ్రాహకాన్నే పట్టుకుంటుంది. జి ప్రోటీన్‌లో ఒక భాగం పాము విషాల అమరికను పోలి ఉందని రెండేళ్ళ తర్వాత తేలింది. ఒకదానితో ఒకటి ఏ చుట్టరికమూ లేని వైరస్, పాము ఒకే చోట పట్టు సాధించడం నిజంగా ఆశ్చర్యకరం.

1998లో ఎన్‌సీఏఎం, పీ75 గ్రాహకాలు, 2018లో ఎంగ్లూఆర్2 ఈ జాబితాలో చేరాయి. ఏ ఒక్కటీ తప్పనిసరి కాదు. ఎన్‌సీఏఎం లేకుండా పుట్టించిన ఎలుకలు కూడా రేబిస్‌తో చనిపోయాయి, కాకపోతే కొంత ఆలస్యంగా. అందుకే గ్రాహకాన్ని మూయడం కన్నా జి ప్రోటీన్‌ను యాంటీబాడీలతో కప్పేయడమే నమ్మదగిన మార్గం.

గ్రాహకానికి అతుక్కున్న వైరస్‌ను కణం తన పొరలోనే సంచిలా చుట్టి లోపలికి లాక్కుంటుంది. డైనీన్ అనే మోటారు ప్రోటీన్ ఆ సంచిని ఆక్సాన్ అనే పొడవాటి నాడీతంతువు వెంట కణదేహం వైపు మోసుకుపోతుంది. సంచిలో ఆమ్లత పెరిగినప్పుడు జి ప్రోటీన్ రూపం మారి వైరస్ పొర, సంచి పొర కలిసిపోతాయి, వైరస్ ఆర్‌ఎన్‌ఏ బయటపడుతుంది.

నాడిలోకి వెళ్ళిన వైరస్‌ను యాంటీబాడీలు అందుకోవడం కష్టం. కరిచిన వెంటనే సబ్బుతో, ధారగా పారే నీళ్ళతో 15 నిమిషాలు కడగమనేది అందుకే. సబ్బు ఆ కొవ్వుపొరను చెదరగొడుతుంది. కారం, సున్నం రాస్తే పుండు రేగడం తప్ప ప్రయోజనం లేదు. లోతు గాయమైతే టీకాతో పాటు, ముందే తయారై ఉన్న యాంటీబాడీలైన ఇమ్యునోగ్లోబులిన్‌ను గాయంలోనూ దాని చుట్టూ ఎక్కిస్తారు. టీకాతో సొంత యాంటీబాడీలు తయారవడానికి వారం, పది రోజులు పడుతుంది. అంతవరకూ గాయం దగ్గర వైరస్‌ను అడ్డుకునేది ఈ ఇంజెక్షనే. టీకా మొదలై ఏడు రోజులు దాటాక దీన్ని ఇవ్వరు.