పల్లీల టోఫూ

టోఫూ అనగానే సోయా పాలు విరగ్గొట్టి చేసే తెల్లటి ముద్ద గుర్తొస్తుంది. చైనాలో 10వ శతాబ్దపు రాతల్లోనే దాని జిక్ర్ ఉంది. జపాన్‌లో 1782లో వంద రకాల టోఫూ వంటలతో ఒక కితాబే అచ్చయింది. కానీ ఆ దేశపు దక్షిణ కొసన, ఒకినావా దీవుల్లో ఇంకో టోఫూ ఉంది. పేరు జిమామి. అందులో సోయా లేదు, ఉన్నది పల్లీ!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లం ఈ ముచ్చట వినాల్సిందే. యాసంగి పల్లీకి మన మూడు జిల్లాలూ మషూర్ కదా. 'జి' అంటే నేల, 'మామి' అంటే గింజ. మనం వేరుశనగ అన్నాం, ఉర్దూలో మూంగ్‌ఫలీ అన్నారు. కొత్తగా వచ్చిన మెహమాన్‌కి ప్రతి జుబాన్ తనకు తెలిసిన పప్పు పేరే తగిలించింది.

పల్లీ అసలు వతన్ దక్షిణ అమెరికా. పోర్చుగీసు జహాజులు తిరగడం మొదలయ్యాకే ఆసియా చేరింది. దక్షిణ భారతంలో సాగు బాగా పెరిగింది 19వ శతాబ్దంలో. అందుకే బగారా బైంగన్‌ను ఇప్పటి రూపంలోనే కుతుబ్‌షాహీల దస్తర్‌ఖాన్ మీద వడ్డించే కథలు చదివితే నాకు షక్ కలుగుతుంది. వంకాయ ఉండొచ్చు, మసాలాలో పల్లీ మాత్రం కష్టం.

జిమామిని గడ్డకట్టించేది చిలగడదుంప పిండి. 1605లో నొగుని సోకన్ అనే ఆయన చైనాలోని ఫూజియన్ నుంచి ఈ శకర్‌కంద్ తెచ్చాడు. తుఫాన్లు పైర్లను ఊడ్చేసే ఆ దీవుల్లో కరువు రోజుల్లో గరీబుల కడుపు నింపింది అదే. అప్పుడది ర్యూక్యూ రాజ్యం. 1609లో సత్సుమా ఫౌజు దాన్ని లొంగదీసింది. అటు చైనా బాద్షాకు కానుకలు, ఇటు సత్సుమాకు కప్పం. నిజాంకు పేష్కష్ కట్టిన గద్వాల, వనపర్తి సంస్థానాల తారీఖ్ తెలిసినవాళ్లకు ఆ హాలత్ వేరే చెప్పాలా? 1879లో జపాన్ ఆ రాజ్యాన్ని పూర్తిగా కలిపేసుకుంది. రాజు తఖ్తు దిగాడు, జిమామి దస్తర్‌ఖాన్ దిగలేదు.

చేయడం ఆసాన్. కప్పు పచ్చి పల్లీలు రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, రెండున్నర కప్పుల నీళ్లతో మెత్తగా రుబ్బి గుడ్డలో వడకట్టాలి. ఆ పాలల్లో అర కప్పుకు కాస్త పైన చిలగడదుంప పిండి కలపాలి. అది దొరక్కపోతే సగ్గుబియ్యం పొడి నడుస్తుంది. సన్న మంట మీద ఫిర్నీ తిప్పినట్టే, చెయ్యి ఆపకుండా తిప్పాలి. నిగనిగలాడుతూ గిన్నె అంచులు వదిలాక తడి పళ్లెంలో పోసి చల్లార్చాలి. ముక్కలు కోసి, పైన తీపి కలిపిన సోయా సాస్, అల్లం తురుము. అక్కడ ఆ సాస్‌లో మిరిన్ కూడా పోస్తారు. అది బియ్యపు షరాబు. మన ఇళ్లలో దాని జాగాలో బెల్లం పాకం వేస్తే సరి. సాస్ సీసా లేబుల్ కూడా ఒకసారి చదవండి.

పల్లీలో దాదాపు నాలుగో వంతు మాంసకృత్తులే. మన దగ్గర అది బస్తాల్లో మండీకి, అక్కణ్నుంచి నూనె మిల్లుకు పోతుంది. పండించిన మెహనత్ మనది, పిల్లల పళ్లెంలోకి వచ్చేది మాత్రం చట్నీ అంత. రైతు ఇంటి బావర్చీఖానాలో ఒక కప్పు పల్లీ ఆగడం నాకైతే చిన్న సంగతిగా అనిపించదు.

అన్నట్టు, వడకట్టాక మిగిలిన పిప్పి పారేయకండి. జొన్నపిండిలో కలిపి, ఉప్పూ పచ్చిమిర్చీ వేసి రొట్టె కొట్టండి.