లంక చుట్ట – బస్తర్ ఆకు

పల్టన్‌లో పనిచేసిన తెలుగువాళ్లకి చుట్ట వాసన కొత్తగా చెప్పక్కర్లేదు. గోదావరి జిల్లా జవాను సెలవు నుంచి తిరిగొచ్చి ట్రంకు మూత తీస్తే బ్యారక్ అంతటికీ తెలిసిపోయేది. హవానా సిగార్‌ని ఎలా రుచి చూడాలో, ఎలా మార్కులు వెయ్యాలో చెప్పే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. మన చుట్టకీ ఆ పరీక్ష ఉంది. దాన్ని చెబుతూనే, బస్తర్ అడవిలో కోసే ఒక ఆకు చరిత్ర కూడా సోదర సైనికుల ముందు పెడదామని ఈ నాలుగు మాటలు.

మొదట ఒక సంగతి. పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ల ద్వారా 16వ శతాబ్దంలో వచ్చింది. సుమారు 1604లో అసద్ బేగ్ అనే ఉద్యోగి బీజాపూర్ నుంచి తెచ్చి అక్బర్ పాదుషాకి చూపించాడు. ఆస్థాన వైద్యుడు వద్దన్నాడు. 1617లో జహంగీర్ నిషేధించాడు కూడా. అయినా అలవాటు ఆగలేదు. 1323లో ఓరుగల్లు పడిపోయాక కాకతీయ వంశీకుడు అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యం స్థాపించాడని చెప్పుకుంటాం గదా, ఆయన కాలానికి అక్కడ పొగాకే లేదు. ఇంగ్లీషువాళ్ల ‘చెరూట్’ అన్న మాట మాత్రం తమిళుల ‘సురుట్టు’ నుంచి పోయింది. మన ‘చుట్ట’ దానికి చుట్టమే.

ఇక పరీక్ష. మంచి చుట్టకి మూలం గోదావరి లంక. వరద తగ్గాక మిగిలే ఒండ్రు మట్టిలో పండిన ఆకుని కోసి, తోరణాలుగా కట్టి ఆరబెట్టి, తర్వాత మండె వేసి మాగబెడతారు. మాగని ఆకు గొంతు పట్టేస్తుంది. చుట్టని ముందు వేళ్లతో నొక్కి చూడాలి. పెళపెళలాడితే ఎండిపోయింది, మెత్తగా దిగిపోతే చెమ్మ పట్టింది. వెలిగించకముందే వాసన చూడాలి, బూజు వాసన రాకూడదు. వెలిగించాక నిప్పు చుట్టూ సమానంగా పాకాలి, ఒక పక్కకే కాలకూడదు. బూడిద వెంటనే రాలిపోకుండా కాసేపు నిలవాలి. ఉప్పు నేలలో పండిన ఆకు సరిగా కాలదు, మాటిమాటికీ ఆరిపోతుంది. మొదటి భాగం, నడిమి భాగం, చివరి భాగం మూడూ వేరుగా చూడాలి. చివరికొచ్చేసరికి ఘాటు పెరగడం సహజమే గాని, చేదు ఎక్కకూడదు. సిగార్‌లో లోపలి ఆకు, దాన్ని పట్టి ఉంచే ఆకు, పైన చుట్టే ఆకు అని మూడు వరసలుంటాయి, ఒక కొన మూసి ఉంటుంది. చుట్టకి రెండు కొనలూ తెరిచే ఉంటాయి.

బస్తర్‌లో కథ వేరు. అక్కడ పేరుపడ్డది పొగాకు కాదు, బీడీ చుట్టే తునికాకు. హిందీలో తెందూపత్తా అంటారు. చుట్టేటప్పుడు పగలదు, మెల్లగా కాలుతుంది, అందుకే బీడీకి దాన్ని మించింది లేదు. దీనికీ పరీక్ష ఉంది. ఎండాకాలం ముందు పొదలు కొట్టేస్తారు. కొత్త చిగురు వచ్చాక ఏప్రిల్, మే నెలల్లో కోస్తారు. ఆకు మరీ లేత కాకూడదు, ముదరకూడదు, చిల్లు, మచ్చ ఉండకూడదు. 50 ఆకులు ఒక కట్ట. 1000 కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. ఆడవాళ్లు, పిల్లలు తెల్లవారకముందే అడవికి పోయి కోసి, ఇంటికొచ్చి కట్టలు కట్టి, కల్లానికి తెస్తారు. అక్కడ గుమస్తా చూసి, నచ్చని కట్ట పక్కన పడేస్తాడు. ఆకుకి మార్కులు వేసేది అతనే.

ఈ మార్కుల దగ్గరే చరిత్ర మలుపు తిరిగింది. 1964లో అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం తునికాకు వ్యాపారాన్ని చట్టం చేసి తన చేతిలోకి తీసుకుంది. అయినా కాంట్రాక్టర్ల రాజ్యం పోలేదు, కోసినవాడికి దక్కింది పైసలే. 1980లో గోదావరి దాటి బస్తర్‌లోకి వచ్చిన నక్సలైట్ దళాలు మొదట పట్టుకున్న సమస్యల్లో ఈ ఆకు ధర ఒకటి. ఆ తర్వాత అదే ఆకు మీద కాంట్రాక్టర్ల దగ్గర వసూళ్లు చేసి తుపాకులు కొన్నారు. వాళ్లు పోసిన రక్తాన్ని ఏ ధరా సమర్థించదు. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల దగ్గర 76 మంది జవాన్లు అమరులయ్యారు. అది మనం మరవలేం. కానీ గిరిజనుడి ఇంటి తలుపు వాళ్లకి ఎలా తెరుచుకుందో కూడా సైనికుడికి తెలిసి ఉండాలి.

లెక్క చూడండి. ఛత్తీస్‌గఢ్‌లో బస్తాకి రూ. 2500 ఉన్నప్పుడు ఒక్కో ఆకుకి వచ్చింది 5 పైసలు. 2019లో 4000 చేశారు, 8 పైసలు అయింది. 2024లో 5500 చేశారు, 11 పైసలు. పెరిగిన మాట నిజమే. 50 ఆకులు ఏరి, తుడిచి, కట్టి ఇస్తే అయిదున్నర రూపాయలు.

ఇంకొక మార్కు ఒంటిది. మన విశాఖ, శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు నిప్పు కొనని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. విశాఖ ప్రాంతంలో పది వేల మందికి పైగా గ్రామస్తులను పరీక్షించి, 1971లో ప్రచురించిన పరిశోధన అంగిలికి అది చేసే హాని ఎంతో చూపింది. సైన్యాలు కూడా తక్కువ తినలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుడి కె-రేషన్ పొట్లంలో బిస్కెట్లతో పాటు సిగరెట్లూ ఉండేవి. రేషన్‌లో సిగరెట్లు ఇవ్వడం వాళ్లు 1975లో గాని మానలేదు. ఈ లోపల ఎన్ని లక్షల మంది కుర్రాళ్లకి ప్రభుత్వ ఖర్చుతో అలవాటైందో!

కాబట్టి చుట్టకైనా, సిగార్‌కైనా, బీడీకైనా మార్కులు వేసేటప్పుడు మూడు గడులు గీసుకోవాలి. మొదటిది రుచి, వాసన, కాలే తీరు. రెండోది ఆకు కోసిన చేతికి ఎంత ముట్టింది. మూడోది తాగిన గుండెకి, గొంతుకి ఎంత మిగిలింది. మొదటి గడిలో మన లంక చుట్ట ఎవరికీ తీసిపోదు. మిగతా రెండు గడుల్లో ఏ పొగా పాస్ కాలేదు. బస్తర్‌లో సి.ఆర్.పి.ఎఫ్., బి.ఎస్.ఎఫ్. డ్యూటీ చేస్తున్న మన తెలుగు తమ్ముళ్లు మే నెలలో కల్లం పక్కగా పెట్రోలింగ్ వెళ్తే, ఎండలో ఆరేసిన ఆ కట్టల్ని ఒక్కసారి ఆగి చూడండి. ఒక్కో కట్ట అయిదున్నర రూపాయలు. ఆ ఇంటికి అది ఏడాదంతటికీ చేతికొచ్చే రొక్కంలో ముఖ్యమైన భాగం. దాని మీద బూటు పడకుండా నడవండి.

జై హింద్.