ఓడలో వచ్చిన ప్రశ్నాపత్రాలు

హైదరాబాదులో పాతతరం వారిని ఏం చదివారని అడిగితే ఒకప్పుడు "సీనియర్ కేంబ్రిడ్జి" అన్న జవాబు వినబడేది. ఆ మాటలోని దర్పం నాకు చాలాకాలం అంతుపట్టలేదు. ఆ పరీక్ష పుట్టుపూర్వోత్తరాలు వెదుకుతూ పోయి, చివరికి వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ ద్వీపంలో తేలాను.

పాఠశాల విద్యార్థులకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1858లో ఇంగ్లండులో పరీక్షలు మొదలుపెట్టింది. సముద్రం దాటి ఆ పరీక్షలు జరిగిన మొదటిచోటు ట్రినిడాడ్, సంవత్సరం 1863. ప్రశ్నాపత్రాలు ఓడలో వచ్చేవి, జవాబులు ఓడలోనే తిరిగి వెళ్లేవి. దిద్దేవాడు ఆ పిల్లవాడి ముఖం ఎరుగడు. తోటయజమాని కొడుకో, బానిసల మనుమడో అతనికి తెలియదు. వలసపాలనలో నల్లపిల్లవాడికి ఇంతకన్న నిష్పాక్షికమైన తీర్పు మరెక్కడైనా దొరికిందా అన్నది నా సందేహం.

అయితే చదవవలసినవేమిటి? లాటిను, ఫ్రెంచి, ఆంగ్లసాహిత్యం, ఇంగ్లండు చరిత్ర. కిటికీలోంచి కనబడే చెరకుతోటల కథకు ఆ పాఠాల్లో చోటు లేదు. పైగా, ఈ పరీక్షల్లో అగ్రస్థానం పొందిన ఏ కొద్దిమందికో 'ద్వీప విద్యార్థివేతనం' దక్కేది. ఇంగ్లండు వెళ్లి చదువుకోవచ్చు. దానికోసం కుటుంబాలకు కుటుంబాలే తపస్సు చేసేవి.

సి.ఎల్.ఆర్. జేమ్స్ తండ్రి బడిపంతులు. కొడుకును తానే తయారుచేసి, తొమ్మిదేళ్లకే పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని క్వీన్స్ రాయల్ కాలేజీలో ఉచిత ప్రవేశం గెలిపించాడు. ఆ తర్వాత అబ్బాయి క్రికెట్టులోనూ నవలల్లోనూ పడ్డాడు. వేతనం చేజారింది. ఇంట్లో ఎంత రభస జరిగి ఉంటుందో, ఎంసెట్ ఇళ్లలో పెరిగిన మనకు వేరే చెప్పాలా! విచిత్రమేమంటే, తర్వాత జేమ్స్ అదే కాలేజీలో ఉపాధ్యాయుడై, తాను లెక్కచేయని చదువునే ఇతరులకు చెప్పాడు.

ఆ శిష్యుల్లో ఎరిక్ విలియమ్స్ ఒకడు. తపాలాశాఖలో చిరుద్యోగి అయిన తండ్రికి పన్నెండుమంది సంతానంలో పెద్దవాడు. 1931లో వేతనం గెలిచి, మరుసటి యేడు ఆక్స్‌ఫర్డు చేరాడు.

మన దేశంలో కేంబ్రిడ్జి పరీక్షల స్థానంలో స్వదేశీ పరీక్షలు నిర్వహించే మండలి 1958లో ఏర్పడింది. ఆ పరీక్షలు పుట్టిన సరిగ్గా నూరేళ్లకు. కరిబియన్ దేశాల సొంత మండలి 1972లో ఏర్పడి, 1979లో తొలి పరీక్షలు జరిపింది. ఆపాటికి విలియమ్స్ ట్రినిడాడ్ ప్రధానమంత్రి.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆయన పదవి కాదు, 1944లో వెలువడిన ఆయన పుస్తకం 'క్యాపిటలిజం అండ్ స్లేవరీ'. బానిసత్వాన్ని ఇంగ్లండు కేవలం దయతో రద్దుచేయలేదని, ఆ బానిసల చెమటే దాని పరిశ్రమలకు పెట్టుబడి అయిందని అందులో వాదించాడు. ఆంగ్లేయుల చరిత్రను వారి పరీక్షకోసమే అంత శ్రద్ధగా చదివిన కుర్రాడు రాసిన జవాబు అది. దాన్ని దిద్దే పని చరిత్రకారులకు ఇంకా పూర్తికాలేదు.