బాయిలరు లోపాలు – భద్రతా సాధనాల పుట్టుక

శ్రీకాకుళం జిల్లాలో హరిశ్చంద్రపురం మీదుగా పోయే రైలుమార్గం 1893–1896 సంవత్సరాల మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరిట వేసిన దారిలోనిది. చాలా దశాబ్దాల పాటు ఆ దారిన నడిచిన ప్రతి ఇంజనూ చక్రాల మీద సాగే ఒక బాయిలరే. ఆ ఇంజనుల కాలం గడిచిపోయినది. బాయిలరు మాత్రం ఈ ప్రాంతాన్ని విడిచిపోలేదు. అదే దారిన ఉత్తరంగా పలాస చేరితే, అక్కడి జీడిపప్పు కర్మాగారాలలో నేడు అది మరొక పని చేస్తున్నది. ఉద్దానపు తోటల పిక్కలను ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, తరువాత కోస్తారు. పెంకులోని జీడి చర్మానికి తగిలితే పొక్కుతుంది. పూర్వం పిక్కలను పెనం మీద, పిమ్మట తిరిగే డ్రమ్ములలో కాల్చేవారు. ఆ పొగ, ఆ మంట ఆవిరి పద్ధతిలో చాలవరకు తగ్గినవి. కాని ఆవిరి వచ్చిన చోటికి ఆవిరి ప్రమాదమూ వచ్చినది.

చలిదేశాల ఇళ్లలో గదులను వెచ్చబరచే గ్యాసు బాయిలరు, మన పట్టణాల స్నానపు గదులలోని గ్యాసు గీజరు కూడా ఈ కుటుంబంలోనివే. పరిమాణంలో ఎంత తేడా ఉన్నా వీటికి వచ్చే రోగాలు ఇంచుమించు ఒకటే: ఒత్తిడి మించుట, నీరు తగ్గుట, పెచ్చు కట్టుట, మంట చెడుట. ప్రతి రోగానికీ ఒక కాపలా సాధనం ఉన్నది. అది ఎందుకు పుట్టినదో తెలిసినవారికి, లోపం కనిపించినప్పుడు ఏమి చేయవలెనో, ముఖ్యంగా ఏమి చేయరాదో సులువుగా బోధపడుతుంది.

ఒత్తిడి మించినప్పుడు

మూత లేని గిన్నెలో నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. మూసిన పాత్రలో పీడనం 10 వాతావరణాలకు చేరితే, మరిగే ఉష్ణోగ్రత సుమారు 180 డిగ్రీలవుతుంది. ఆ స్థితిలో బాయిలరు గోడ పగిలితే పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు ఒక్కొక్క గ్రాము నీటిలో మిగులుగా ఉన్న 80 కేలరీలు ఆవిరి పుట్టించడానికే పోతాయి. ఒక గ్రాము నీరు ఆవిరగుటకు దాదాపు 540 కేలరీలు కావలెను గనుక, ఏడవ వంతు నీరు క్షణంలో ఆవిరవుతుంది. అనగా ఒక కిలోగ్రాము నీటి నుండి దాదాపు 250 లీటర్ల ఆవిరి పుడుతుంది. ఇటుక గోడలను పడగొట్టేది ఈ వ్యాకోచమే.

ఈ ప్రమాదాన్ని గుర్తించి, 1679లో డెనిస్ పాపెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తన ఉడకబెట్టే పాత్రకు బరువు వేలాడే మీటతో కూడిన భద్రతా కవాటాన్ని అమర్చినాడు. మన వంటింటి ప్రెషర్ కుక్కరుకు ఆ పాత్రయే మూలపురుషుడు. ఒత్తిడి హద్దు దాటితే బరువు లేచి ఆవిరి బయటికి పోతుంది. ఇంత సులువైన సాధనం ఉండగా బాయిలర్లు పేలుట ఎట్లు? కవాటం చెడుట వలన కొంత, మనుషులు దానిని బిగించుట వలన మరికొంత.

1803లో ఇంగ్లండులోని గ్రీనిచ్ వద్ద రిచర్డ్ ట్రెవితిక్ నిర్మించిన ఇంజను బాయిలరు పేలి నలుగురు మరణించినారు. చూడవలసిన కుర్రవాడు దగ్గర లేడు. కవాటం బిగించి ఉండగానే ఇంజను ఆపబడినది. ఆవిరికి పోవుటకు దారి లేకపోయినది. తరువాతి బాయిలర్లకు ట్రెవితిక్ రెండు కవాటాలు పెట్టి, వానిలో ఒకటి పనివాని చేతికి అందకుండా చేసినాడు. 1831లో అమెరికాలో ‘బెస్ట్ ఫ్రెండ్ ఆఫ్ చార్ల్‌స్టన్’ అనే రైలు ఇంజనుకు ఇదే గతి పట్టినది. కవాటం నుండి వచ్చే ఆవిరి రొద భరించలేక మంటవేసేవాడు దానిని మూసివేసినాడు. బాయిలరు పేలి అతడు ప్రాణం కోల్పోయినాడు. 1855లో జాన్ రామ్స్‌బాటమ్ రూపొందించిన కవాటంలో విశేషమేమనగా, డ్రైవరు దానిని బిగించి ఉంచుటకు వీలులేదు. యంత్రంలోని లోపాన్నే కాక, మనిషి తొందరపాటును కూడా లెక్కలోకి తీసుకున్న సాధనమిది.

నీరు తగ్గినప్పుడు

మంట తగిలే లోహపు పలక వెనుక నీరు ఉన్నంతవరకు ఆ పలక భద్రం. నీరు దిగిపోతే అది ఎర్రగా కాలి, మెత్తబడి, ఒత్తిడికి ఉబ్బి చీలుతుంది. ట్రెవితిక్ దీనికి చిత్రమైన ఉపాయం పన్నినాడు. కొలిమి పైకప్పులో సీసపు బిరడా బిగించినాడు. సీసం 327 డిగ్రీల వద్ద కరుగుతుంది. నీరు కప్పి ఉన్నప్పుడు కరగదు. నీరు తగ్గగానే కరిగి, ఆవిరిని మంట మీదికి వదులుతుంది. ప్రెషర్ కుక్కరు మూత మీది చిన్న సేఫ్టీ వాల్వు కూడా ఈ జాతిదే. అది కరిగినదంటే సాధారణంగా లోపల నీరు ఇంకినదనో, పై రంధ్రం మూసుకొన్నదనో అర్థం. వాల్వు నాసిరకమని కాదు. కారణం వెదకకుండా కొత్త వాల్వు వేసినంత మాత్రాన రోగం కుదరదు.

నీటి మట్టం చూపే గాజు గొట్టం కూడా కొన్నిసార్లు అబద్ధం చెబుతుంది. దాని దారులలో బురద అడ్డుపడితే, బాయిలరులో నీరు తగ్గినా గొట్టంలో నిలిచే ఉంటుంది. అందుకే దాని కుళాయిలను తిప్పి, నీరు దిగి మరల లేచుటను తరచు పరీక్షించవలెను. గొట్టంలో నీరు కనపడనప్పుడు చాలామందికి మొదట తోచేది నీరు ఎక్కించుట. అది పెద్ద ప్రమాదం. కాగిన పలక మీద నీరు పడితే అకస్మాత్తుగా ఆవిరి పుడుతుంది, లోహమూ బీటలు వారుతుంది. ముందు మంట ఆర్పవలెను; చల్లారిన తరువాతనే తక్కిన పని.

పెచ్చు కట్టినప్పుడు

బావినీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. నీటిని కాచినప్పుడు బైకార్బొనేటు విడిపోయి కార్బొనేటు తెల్లని పెచ్చుగా అడుగున చేరుతుంది. కాల్షియం సల్ఫేటు మరీ మొండిది. వేడి పెరిగిన కొద్దీ దాని ద్రావణీయత తగ్గుతుంది గనుక ఎక్కువ వేడిగా ఉన్న చోటనే గట్టిపడుతుంది. పెచ్చు ఉష్ణాన్ని సరిగా ప్రసరింపనీయదు. అందువలన వంటచెరకు ఎక్కువ ఖర్చవుతుంది, నీరు లోపల ఉన్నా లోహం అతిగా కాగుతుంది. గ్యాసు బాయిలరులో కెటిలు మరిగినట్టు గుడగుడ శబ్దం వినబడితే తరచు దీని గుర్తే.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో చూపవచ్చును. ఒక గిన్నెలో బావినీటిని మూత లేకుండా పలుమార్లు ఇగిరించి, అడుగున మిగిలిన తెల్లని పొర మీద నిమ్మరసం పిండితే బుడగలు లేస్తాయి. అవి బొగ్గుపులుసు వాయువు బుడగలు. బాయిలరులోని మట్టిని అడుగు కుళాయి ద్వారా వదలుట, నీటిని ముందుగా మెత్తబరచుట అనే రెండు పద్ధతులకు కారణం ఈ ప్రయోగంతో విద్యార్థులకు తెలుస్తుంది.

మంట చెడినప్పుడు

గ్యాసు వచ్చిన తరువాత బూడిద బాధ తగ్గినది, మరొక బాధ పుట్టినది. 1868లో లండనులో బెంజమిన్ మాఘన్ గ్యాసుతో నీరు కాచే గీజరును తయారుచేసినాడు. దానికి పొగగొట్టం లేదు! గాలి చాలక గ్యాసు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబినుతో అది ఆక్సిజను కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా కలుస్తుంది. కావున నీలంగా ఉండవలసిన మంట పసుపుపచ్చగా మారినా, పొయ్యి చుట్టూ మసి పట్టినా గ్యాసు కట్టి, కిటికీలు తెరచి, పనివానిని పిలువవలెను.

మంట ఆరిపోయి గ్యాసు మాత్రం వస్తూ ఉండుట రెండవ ప్రమాదం. దీనికి కాపలా 1821లో సీబెక్ కనుగొన్న ధర్మం నుండి వచ్చినది. రెండు వేర్వేరు లోహాల తీగల అతుకును వేడిచేస్తే విద్యుత్తు పుడుతుంది. చిన్న పైలట్ మంటలో ఉంచిన ఆ జంట ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. అయినా ఒక విద్యుదయస్కాంతం గ్యాసు కవాటాన్ని తెరచి ఉంచుటకు అది చాలును. మంట ఆరితే అతుకు చల్లారి, స్ప్రింగు కవాటాన్ని మూస్తుంది. మీట వదలగానే పైలట్ ఆరిపోతున్నదంటే, ఆ జంటకు మసి పట్టియుండవచ్చు, మంట దానికి తగలకపోవచ్చు, గాలి వీస్తుండవచ్చు. వీటిని చూడక మీటను నొక్కి కట్టివేసేవాడు బెస్ట్ ఫ్రెండ్ మంటవేసేవాడు చేసిన పనినే మరల చేస్తున్నాడు.

చట్టం పుట్టుక

సాధనాలు ఉన్నంత మాత్రాన చాలదు. వానిని పరీక్షించే పద్ధతి కావలెను. 1863లో కలకత్తాలో జరిగిన పెద్ద పేలుడు తరువాత 1864లో వంగరాష్ట్రంలో బాయిలర్ల తనిఖీకి చట్టం వచ్చినది. మన దేశంలో ఇదే మొదటిది. అమెరికాలో 1905లో బ్రాక్టన్ పట్టణపు చెప్పుల కర్మాగారంలో బాయిలరు పేలి 58 మంది చనిపోయిన పిమ్మట మసాచుసెట్స్ రాష్ట్రం 1907లో నియమాలు చేసినది. భారతదేశమంతటికీ వర్తించే చట్టం 1923లో వచ్చినది. దాని స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చినది. ధృవపత్రం, నిర్ణీతకాలపు తనిఖీ, ప్రమాదం జరిగితే విచారణ, ఇవే ఈ చట్టాల సారాంశం.

చట్టపు ఇన్‌స్పెక్టరు ఏడాదిలో కొద్ది రోజులే వస్తాడు. మిగిలిన రోజులన్నీ బాయిలరు దగ్గర నిలిచేది పలాసలో పిక్కలు ఉడికించే పనివాడు, ఇంట్లో గీజరు వెలిగించే గృహిణి. కవాటం రొద, గాజు గొట్టంలో దిగిన మట్టం, పసుపు మంట వారికి చిరాకుగా తోచవచ్చు. అవి యంత్రం చెప్పే మాటలు. యంత్రం మాట్లాడుతున్నప్పుడు దాని నోరు మూయక, ముందు మంట తగ్గించి, తరువాత కారణం వెదకుట నేర్పితే, ఉన్నత పాఠశాలలోని ఉష్ణశాస్త్ర పాఠం ఒక ప్రాణాన్ని కాపాడవచ్చును.