పర్సంటేజీకి అందని పిల్లలు

గోదావరి జిల్లాల్లో జబ్బు చేసిన బిడ్డకూ బడికీ మధ్య సంబంధం వెలివేతతో మొదలైంది. కుష్ఠు మచ్చ కనిపిస్తే ఆ పిల్లవాడికి చదువు అక్కడితో సరి. 1898లో వలస ప్రభుత్వం చేసిన కుష్ఠురోగుల చట్టం ఉద్దేశమే వాళ్లను జనానికి దూరంగా ఉంచడం. రామచంద్రపురంలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ నడిపిన ఆశ్రమం లాంటివే అప్పట్లో వాళ్లకు దిక్కు.

బడిలోనే పిల్లల ఆరోగ్యం చూడాలన్న ఆలోచన మన దేశంలో 1909లో బరోడాలో రూపం కట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 1946లో, భోర్ కమిటీ బడుల్లో ఆరోగ్య సేవలు దాదాపు లేనట్టేనని తేల్చి చెప్పింది. ఆ సేవలు ఉన్న చోటా కళ్లు, పళ్లు, బరువు చూసి మందు రాయడంతో పని అయిపోయేది. ఈ జబ్బుతో ఈ బిడ్డ చదువు ఎలా సాగాలన్న ప్రశ్న డాక్టరూ వేసుకోలేదు, మాస్టారూ వేసుకోలేదు.

1974లో కేంద్రం వికలాంగ బాలల సమీకృత విద్యా పథకం తెచ్చింది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, 40 శాతం వైకల్యం అనే గీత గీసింది. కుష్ఠు నయమైనవారికి అందులో చోటు దక్కింది గానీ గుండె, రక్తం, మూత్రపిండాల జబ్బులున్న పిల్లలు గీతకు అవతలే ఉండిపోయారు. అమెరికాలో 1975 నాటి విద్యా చట్టంలోనే ఇతర ఆరోగ్య సమస్యలకు ఒక విభాగం ఉంది. ఉబ్బసం, మూర్ఛ, మధుమేహం, సికిల్‌సెల్ వంటివి దాని కిందకు వస్తాయి. ఒంట్లో శక్తి, చురుకుదనం తగ్గి చదువు దెబ్బతింటోందా అన్నదే అక్కడి కొలమానం.

మన దగ్గర కొలత మరో దారి పట్టింది. 2010 ప్రాంతంలో వైకల్యాన్ని కొలిచే సదరం క్యాంపులు వచ్చాయి. డాక్టరు పరీక్షించి పర్సంటేజీ వేస్తాడు, దాని మీద పింఛను, బస్సు పాసు వస్తాయి. దొంగ సర్టిఫికెట్లను అరికట్టడానికి అది అవసరమే. కానీ పింఛను కోసం పుట్టిన ఆ అంకెనే బడి కూడా పట్టుకుంది. మండలాల్లో వైకల్యమున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు తెరిచారు. ఫిజియోథెరపీ, ఇంటి దగ్గర చదువు చెప్పే ఏర్పాటు, రవాణా భత్యం అక్కడి నుంచే అందుతాయి. ఆ టీచర్ల కృషిని తక్కువ చేయడానికి లేదు. అయితే వాళ్ల శిక్షణ ప్రధానంగా వినికిడి, చూపు, బుద్ధిమాంద్యం చుట్టూ సాగింది. నెలనెలా రక్తం ఎక్కించుకునే బిడ్డను ఎలా చూసుకోవాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఏడు రకాలను 21 చేసింది. తలసేమియా, హిమోఫీలియా, సికిల్‌సెల్ అందులో చేరాయి. మన ప్రాంతానికి ఇది మామూలు మార్పు కాదు. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్‌సెల్ ఉంది. మైదానంలో మేనరికాలు ఎక్కువ. తల్లిదండ్రులిద్దరిలో ఒకే జన్యులోపం ఉంటే బిడ్డకు తలసేమియా వచ్చే ప్రమాదం ప్రతి కాన్పులోనూ 25 శాతం. ఆ బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అంటే ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా బడికి నాగా.

సికిల్‌సెల్ పిల్లవాడి సంగతి ఇంకా చిక్కు. ఆశ్రమ పాఠశాలలో చన్నీళ్ల స్నానం, ఎండలో డ్రిల్లు, సరిగా నీళ్లు తాగకపోవడం, వీటిలో ఏదైనా చాలు, కీళ్లలో, ఎముకల్లో భరించలేనంత నొప్పి పుట్టడానికి. నాలుగు రోజులకు తగ్గుతుంది. క్యాంపు నాటికి వాడు నడుచుకుంటూ వస్తాడు. డాక్టరు చూసేది ఆ ఒక్కరోజును. ఏడాది పొడవునా వాడెన్నిసార్లు మంచం పట్టాడో చెప్పేది మాస్టారి దగ్గరున్న హాజరు పట్టీ. 2018లో కేంద్రం ఈ రక్తవ్యాధులకు మూల్యాంకన మార్గదర్శకాలు ఇచ్చింది గానీ అవీ ఆసుపత్రి కోసం రాసినవే. నా దృష్టిలో అసలు లోపం ఇక్కడుంది. బడి చూసినదాన్ని కొలతలో కలపలేదు.

టైప్-1 మధుమేహం, గుండె జబ్బు ఆ 21లో ఇప్పటికీ లేవు. మధుమేహం ఉన్న పిల్లలు పరీక్ష హాల్లోకి తినుబండారాలు తెచ్చుకోవచ్చని సీబీఎస్ఈ 2017లో అనుమతించింది. దానికి ఏ పర్సంటేజీ అవసరం పడలేదు.

2023లో దేశంలో సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది, అదే ఏడాది రాజమహేంద్రవరంలో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. పరీక్షలు చేసే చేతులు దగ్గరకొచ్చాయి. ఇక ప్రధానోపాధ్యాయులకు ఒక మాట. 2016 చట్టంలోని 16వ సెక్షన్ వైకల్యమున్న పిల్లలందరికీ తగిన వసతి కల్పించాలంటుంది. అక్కడ 40 శాతం ప్రస్తావన లేదు. కాబట్టి సదరం స్లాట్ దొరికేదాకా ఆగకండి. ఆసుపత్రి చీటీ చూసి, తల్లిని అడిగి, హాజరు పట్టీ తీసి, ఆ బిడ్డకు కావలసింది ఈ జూన్‌లోనే రాసిపెట్టండి.