చెట్ల కింద దాగిన చరిత్ర



తమిళనాడు, కర్ణాటక హద్దులో, డెంకణికోట, తళి వైపు అడవి అంచు పల్లెల్లో మన తెలుగువాళ్ళు తరతరాలుగా ఉంటున్నారు. మాదీ అలాంటి ఊరే. మా పెదనాన్న చిన్నప్పుడు ఆ అడవిలో పశువులు కాసేవాడు. ఆయన ఒక మాట తరచు అనేవాడు: "అప్పట్లో గట్టుమీద నిలబడితే పల్లంలో మేసే ఆవు కనిపించేదిరా. ఇప్పుడు పది బారల దూరంలో ఏనుగున్నా కనిపించదు." చెట్లు పెరిగాయా అంటే, లేదు. చెట్ల కింద పొద పెరిగింది. ఆ పొదలో ఎక్కువ భాగం ఒకే ఒక మొక్క. మనలో కొందరు దాన్ని పులికంప అంటారు, కొందరు తలంబ్రాల మొక్క అంటారు. తమిళంలో ఉన్నిచెడి. పుస్తకాల్లో లంటానా.

నేను బడిలో చరిత్ర చెప్పేవాణ్ణి. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అని పిల్లలు అనుకుంటారు. అడవికీ ఒక చరిత్ర ఉంది. అది పెద్ద మానుల్లో కంటే వాటి కింద పెరిగే గడ్డిలోనూ, మొలకల్లోనూ, పొదల్లోనూ బాగా కనిపిస్తుంది. పెద్ద మాను నూరేళ్ళ నాటిది కావచ్చు. దాని కింద ఉన్నది మాత్రం ఈ ముప్పై నలభై ఏళ్ళలో మనుషులు ఆ అడవిని ఏం చేశారో చెబుతుంది. ఈనాటి ప్రసంగంలో ఆ సంగతి ముచ్చటించుకుందాం.

మన పెరట్లో పందిరి సంగతే చూడండి. చిక్కుడు తీగ దట్టంగా అల్లుకుంటే కింద ఏదీ సరిగ్గా మొలవదు. తీగ ఒక పక్క ఎండిపోయి సందు పడితే, వారం తిరక్కుండా అక్కడ కలుపు లేస్తుంది. అడవిలోనూ అంతే. పైన ఆకుల పందిరి ఎంత మూసుకుంటే కింద అంత నీడ. చెట్టు కొట్టినా, వెదురు పూసి ఒక్కసారిగా చచ్చిపోయినా, పశువులు అదే పనిగా మేసినా, నిప్పు పడినా నేలకు వెలుగు తగులుతుంది. ఆ వెలుగును ఎవరు ముందు అందుకుంటారన్నదే ఆ తరువాతి కథ. గడ్డి అందుకోవచ్చు, చెట్టు మొలక అందుకోవచ్చు, ఎక్కడినుంచో వచ్చిన పొద అందుకోవచ్చు.

ఈ విషయం దొరల ప్రభుత్వానికి చాలా ఆలస్యంగా తెలిసింది. 1864లో మన దేశంలో అటవీశాఖ ఏర్పడింది. డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దానికి మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్. ఐరోపాలో నేర్చుకున్న అటవీశాస్త్రం ప్రకారం నిప్పు అడవికి శత్రువు. అందుచేత 1860ల్లోనే మధ్య పరగణాల బోరి అడవిలో నిప్పుకు కాపలా మొదలైంది. అడవి చుట్టూ బాటలు తీసి గడ్డి చెక్కారు. మనుషులను నిలబెట్టారు. తరువాత ఆ పద్ధతి దేశమంతా పాకింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరమైంది. పశువుల కాపరులు, పోడు వ్యవసాయం చేసే కొండవాళ్ళు ఒక్క కలంపోటుతో నేరస్థులయ్యారు.

మరి నిప్పు ఆపితే అడవికి మేలు జరిగిందా? ఈ ప్రశ్నకు జవాబు గుగ్గిలం చెట్టు చెప్పింది. శ్రీకాకుళం, కోరాపుట్ కొండల్లో ఉన్న మన శ్రోతలకు ఈ చెట్టు బాగా తెలుసు. ఒరియాలో శాల్ అంటారు. దాని గింజ తొలకరికి కాస్త ముందు రాలుతుంది. ఎక్కువ రోజులు బతకదు. వాన పడగానే మొలవాలి. వేరు వెంటనే మట్టిని అందుకోవాలి. కింద ఆకుల చెత్త మందంగా పేరుకుంటే వేరు మట్టికి చేరక ఎండిపోతుంది. మొలిచినా మొలక కాండం ఏటేటా నేలమట్టానికి ఎండిపోయి, మళ్ళీ చిగురిస్తుంది. ఇలా కొన్నేళ్ళు లోపల వేరు బలపడ్డాకే పైకి లేస్తుంది. అన్నేళ్ళూ దానికి వెలుగు కావాలి.

బెంగాల్, అస్సాం అడవుల్లో నిప్పు ఆపిన కొత్తలో ఫలితం చూసి అధికారులు సంతోషించారు. అంతవరకు నిప్పుకు కాలుతూ వచ్చిన గుగ్గిలం పిలకలు ఒక్కుమ్మడిగా లేచాయి. కాపలా గెలిచిందన్నారు. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ తడి ప్రాంతాల్లో సతత హరిత పొదలూ, తీగలూ కింద దట్టంగా అల్లుకున్నాయి. ఆ చీకట్లో కొత్త గుగ్గిలం మొలక ఒక్కటీ నిలవలేదు. పైన తాతలున్నారు, కింద మనవలు లేరు.

బర్మాలో టేకు అడవుల్లోనూ ఇదే అనుభవం. 1896లో స్లేడ్ అనే అటవీ అధికారి, బర్మాలో నిప్పుకు కాపలా మితిమీరిందని 'ఇండియన్ ఫారెస్టర్' పత్రికలో బాహాటంగా రాశాడు. అప్పటికి అది సాహసమే. పై అధికారులకు రుచించలేదు. చివరకు ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో, బెంగాల్ తడి శాల అడవుల్లో అటవీశాఖవాళ్ళే అదుపులో నిప్పు పెట్టడం మొదలుపెట్టారు. నిన్నటిదాకా కొండవాడు చేస్తే నేరమైన పని, అదే ఇప్పుడు శాస్త్రమైంది. అయితే ఈ పాఠం అన్నిచోట్లకూ చేరలేదు.

ఇప్పుడు మన దక్షిణానికి వద్దాం. లంటానా పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో పూల అందం కోసం కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి తెచ్చారు. తోటల కంచెకు పనికొస్తుందని అక్కడా ఇక్కడా నాటారు. నల్లని పండ్లు పిట్టలు తిని గింజలు అడవంతా చల్లాయి. ఆకు విషం కాబట్టి పశువు మేయదు. కొడితే మొదట్లోంచి మళ్ళీ చిగురిస్తుంది. దట్టమైన నీడలో మాత్రం దీని ఆటలు సాగవు. కాబట్టి పందిరికి సందు పడిన ప్రతిచోటా ఇది ముందు వచ్చి కూర్చుంది.

కర్ణాటకలో చామరాజనగర్ జిల్లా బిళిగిరి రంగన బెట్టలో సోలిగలు అనే ఆదివాసులున్నారు. మన దగ్గర పోడు అంటే కొండమీద చెట్లు కొట్టి కాల్చి చేసే సేద్యం. సోలిగల నోట పోడు అంటే వాళ్ళ గూడెం. మాట ఒకటే, అర్థం వేరు. రెండు భాషల మధ్య బతికే మనకు ఇది వింత కాదు. ఈ సోలిగలు పూర్వం ఎండాకాలం ముదరకముందే, గడ్డి ఇంకా పూర్తిగా ఎండకముందే చిన్న నిప్పు పెట్టేవారు. దాన్ని 'తరగు బెంకి' అంటారు. తరగు అంటే రాలిన ఎండుటాకు, బెంకి అంటే నిప్పు. మంట మోకాలి ఎత్తు దాటేది కాదు. చెత్త కాలేది, కొత్త గడ్డి లేచేది, లేత లంటానా మొలకలు చచ్చేవి.

1974లో ఆ కొండ వన్యప్రాణి అభయారణ్యమైంది. సోలిగల వ్యవసాయమూ, నిప్పూ రెండూ ఆగిపోయాయి. ఆ తరువాత పరిశోధకులు కొలిచిన లెక్క వినండి. 1997లో పరిశీలించిన స్థలాల్లో నూటికి 41 చోట్ల లంటానా ఉంది. 2008లో మళ్ళీ చూస్తే నూటికి 81 చోట్ల ఉంది. పదకొండేళ్ళలో రెట్టింపు.

దీనికి కారణం ఏమిటి? 2005లో అంకిల హిరేమఠ్, భరత్ సుందరం అనే పరిశోధకులు ఒక వాదన చేశారు. నిప్పు లంటానాకు చోటిస్తుంది, లంటానా మళ్ళీ నిప్పుకు మేత అవుతుంది, ఇదొక చక్రం అన్నారు. సోలిగలు అందుకు భిన్నంగా చెప్పారు. నిప్పు ఆపినందువల్లే ఈ మొక్క పెరిగింది, ఉసిరి చెట్లకు బదనిక పట్టడం కూడా అందువల్లే అన్నారు. ఆ పరిశోధకులు తరువాత తమ సహచరులతో కలిసి సోలిగలను కూర్చోబెట్టుకుని అడిగి, వారి మాటను శాస్త్ర పత్రికలోకి ఎక్కించారు. అది వారి గొప్పతనం.

నా మట్టుకు నాకు రెండు మాటల్లోనూ నిజం కనిపిస్తుంది. నిప్పు అన్నది ఒక్కటి కాదు. మాఘమాసంలో పచ్చిగడ్డి మధ్య పాకే నిప్పు వేరు. నిలువెత్తు లంటానా ఎండి ఉన్నప్పుడు చైత్రంలో అంటుకునే నిప్పు వేరు. మొదటిది కలుపు తీస్తుంది, రెండోది చెట్టుకొమ్మల దాకా ఎగబాకి అడవినే తినేస్తుంది. 2019 ఫిబ్రవరిలో బందీపూరులో చెలరేగిన కార్చిచ్చు ఎలాంటిదో మనమందరం పత్రికల్లో చూశాం. కాబట్టి ఈ ప్రసంగం విని ఎవరూ అగ్గిపెట్టె పట్టుకుని అడవికి వెళ్ళకండి. అది చట్టం ఒప్పదు, ఇవాళ్టి అడవి తట్టుకోదు. ముందు పొద తగ్గాలి.

అందుకు దారులు లేకపోలేదు. మొక్కను పైన నరక్కుండా, నేల కింద వేరు మొదలు కోసి తలకిందులుగా పడేసే పద్ధతిని ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆచార్య సి.ఆర్. బాబు బృందం అమలు చేసి చూపింది. మనకు దగ్గరలోని మలె మహదేశ్వర బెట్టలో సోలిగలు లంటానా కొమ్మలను ఉడికించి, తోలు తీసి, కుర్చీలు, బల్లలు చేస్తున్నారు. 2011లో బిళిగిరి కొండ పులుల అభయారణ్యమైంది. అదే ఏడు అటవీ హక్కుల చట్టం కింద సోలిగ గూడేలకు సామూహిక హక్కు పత్రాలు అందాయి. అడవిని ఎరిగినవాళ్ళకు అడవి విషయంలో నోరు తెరిచే అధికారం కొంతైనా దక్కింది.

మా పెదనాన్న ఇప్పుడు లేడు. ఆయనకు ఒకసారి అడవిలో నిప్పు పెట్టాడన్న నేరం మీద జరిమానా పడింది. ఆ రోజుల్లో నాకది సిగ్గుగా అనిపించి, బడిలో స్నేహితులకు చెప్పుకోలేదు. ఆయన చేసింది అంతా సరి అని ఇవాళ కూడా అనను. కానీ ఆ నిప్పు ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఆ ఏడు ఏ గడ్డి లేస్తుంది అని ఆయన్ను అడిగిన అధికారి ఒక్కడూ లేడు. అడగవలసిన వయసొచ్చాక నేనూ అడగలేదు.

మీ ఇళ్ళల్లో అలాంటి పెద్దలు ఇంకా ఉంటే, ఒక సాయంత్రం వారి దగ్గర కూర్చోండి. చెట్ల కింద ఒకప్పుడు ఏం పెరిగేదో అడిగి రాసిపెట్టుకోండి. ఆ కాగితం రేపు అడవిని బాగుచేయబోయేవారికి పనికొస్తుంది.